కాలు మడిచిన కప్ప

పోయిన వారం లిట్మస్‌ను మెట్ల మీద నిలబెట్టి మనం హాయిగా ఎవరి పనులకు వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఆ మనిషి ఏడు రోజులుగా అదే మెట్టు మీద, గడ్డం దాకా పేర్చిన రికార్డు పుస్తకాలతో నిలబడే ఉన్నాడు. నిలబడడంలో కూడా ఇదొక రికార్డే. ముందు ఆయన్ని కదిలిద్దాం.

లిట్మస్ అంటే ఆ బడిలో సైన్సు ల్యాబు అసిస్టెంటు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించదు. పెద్దవాళ్ళు గద్దిస్తే ముఖం ఎర్రబడుతుందనీ, పిల్లలు బతిమాలితే నీరైపోయి నీలంగా మారుతుందనీ ఏదో పాత బ్యాచి పెట్టిన పేరది. బ్యాచి వెళ్ళిపోయింది, పేరు ఉండిపోయింది. ఆయన కూతురు అదే బడిలో ఆఖరి ఏడాది చదువుతోంది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, కూర్చున్న చోటల్లా ఏదో ఒకటి గీస్తుంది కాబట్టి అందరికీ పెన్సిల్. భవనాలకు ప్లాన్లు గీసే కాలేజీలో చేరాలని ఆ పిల్ల కోరిక. ఆ కాలేజీ ఒక్కో బడి నుంచి ఒక్క పేరే తీసుకుంటుంది. ఆ పేరు హెడ్మాస్టరు రాయాలి, గడువు ఇవాళ సాయంత్రం. అంతకన్నా ముందు, ఎల్లుండి జరిగే సైన్సు ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోవాలంటే రికార్డు పుస్తకంలో ప్రతి బొమ్మ కిందా టీచరు సంతకం ఉండాలి. సంతకం లేని రికార్డుతో వెళితే పరీక్ష గది గుమ్మం దగ్గరే ఆపేస్తారు.

క్లాసులో అందరి రికార్డుల్లోనూ సంతకాలు పడ్డాయి. పెన్సిల్ రికార్డులో మాత్రం ఒక చీటీ పడింది. ఈ ఏడాది మధ్యలో వచ్చి చేరిన జీవశాస్త్రం మేడమ్ రాసిన చీటీ: "ఈ బొమ్మలు విద్యార్థిని వేసినవి కావు. సంతకం పెట్టను. హెడ్మాస్టరు గారి ఎదుట తేల్చాలి."

ఇందులో దాగిన రహస్యాలు రెండు. ఒకటి పోయిన వారమే మీ చెవిన వేశాను. ఆ క్లాసులో పందొమ్మిది మంది రికార్డుల్లో బొమ్మలన్నీ వేసింది పెన్సిలే. అడిగినవాళ్ళకు కాదనడం ఆ పిల్లకు రాదు. "వేసిపెట్టమ్మా, మనవల్ల నలుగురికి మంచి జరిగితే మనకేం పోతుంది?" అని నేర్పింది కన్నతండ్రే. ఏం పోతుందో ఇప్పుడు ఆయన మెట్లెక్కుతూ లెక్కపెట్టుకుంటున్నాడు. రెండో రహస్యం ఇంకా ఎవరికీ తెలియదు. గదిలోకి వెళితే మీకూ తెలుస్తుంది.

హెడ్మాస్టరు గదిలో గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తుంది, మనుషులు ఐదు నిమిషాలు వెనక నడుస్తారు. బల్ల మీది అద్దం కింద పాత టైంటేబుళ్ళు పొరలు పొరలుగా పడి ఉన్నాయి. వచ్చినవారికి మూడు కుర్చీలు. వాటిలో ఒకదాని కాలు విరిగితే జిగురు పెట్టి అతికించింది లిట్మసే. అతికించాడు గానీ, ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ దాంట్లో కూర్చున్న పాపాన పోలేదు. ఇవాళా కూర్చోలేదు.

పుస్తకాలు బల్ల మీద దించాడు. అక్కడ వాటి పక్కన, గాజు జాడీలో, తన కప్ప కనిపించింది.

లిట్మస్ గుండె ఒక గంతు వేసింది. కప్ప మాత్రం కదల్లేదు. అది గంతులు మానేసి పదిహేనేళ్ళయింది.

"సార్, బొమ్మలు బాగాలేవని నేననడం లేదు" అంది జీవశాస్త్రం మేడమ్. కోపంగా అనలేదు. జ్వరం చూసే డాక్టరమ్మలా అంది. "మా క్లాసు పిల్లలందరూ గోడ మీది చార్టు చూసి వేశారు. ఈ పందొమ్మిది పుస్తకాలూ చూడండి, ఎంత ముచ్చటగా ఉన్నాయో! అన్నిట్లోనూ కప్ప రెండు కాళ్ళూ చాపుకుని ఉంది. ఈ ఒక్క పుస్తకంలోనే ఒక కాలు మడుచుకుని ఉంది."

హెడ్మాస్టరు లెక్కల మనిషి. ఆయనకు వచ్చిన బొమ్మ ఒక్కటే, వృత్తం. దేహం కూడా దాన్నే ఆదర్శంగా పెట్టుకుంది.

"కప్ప అన్నాక కాలు మడుచుకోదా మేడమ్? నేనే ఒక కాలు మడుచుకుని కూర్చున్నాను ఇప్పుడు."

"మీరు మడుచుకోవచ్చు సార్. చార్టులో కప్ప మడుచుకోలేదు. మడుచుకున్నది ఇదిగో, ఈ జాడీలోది." మేడమ్ జాడీని ఆయన వైపు తిప్పింది. "జాడీ ఇరుకు, కప్ప పెద్దది. అందుకని ఎప్పుడో ఎవరో కుడి కాలు మడిచి లోపలికి దూర్చారు. మూత చిట్లిందని దీన్ని వెనకగదిలో బీరువాలో పెట్టేశారట. నేను వచ్చాక ఒక్క క్లాసులోనూ బయటికి తీయలేదు. నేనే నిన్న మొదటిసారి చూశాను. మరి ఈ పుస్తకంలోకి ఎలా వచ్చింది?"

హెడ్మాస్టరు లిట్మస్ వైపు చూశాడు.

"ఏమయ్యా, ఆ బీరువా తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గరే సార్."

తాళం చెవీ ఆయన దగ్గరే, ఈ ప్రశ్న వినడానికి తాళలేని చెవులూ ఆయన దగ్గరే.

"అమ్మాయికి తీసి చూపించావా?"

ఇంత చక్కని దారి హెడ్మాస్టరే వేసి ఇస్తే నడవకుండా ఎలా ఉంటాడు?

"చూపించాను సార్" అన్నాడు. ముఖం ఒక్క క్షణంలో ఎర్రబడి, నీలబడి, ఏ రంగులో ఆగాలో తేల్చుకోలేక రెంటికీ మధ్య నిలిచింది.

ఇదిగో రెండో రహస్యం. రికార్డు పుస్తకంలో కుడి వైపు పేజీలో పాఠం రాస్తారు, ఎడమ వైపు తెల్ల పేజీలో బొమ్మ వేస్తారు. పెన్సిల్ పందొమ్మిది మంది ఎడమ పేజీలు నింపి, తన ఎడమ పేజీలు తర్వాత చూసుకుందామని ఖాళీగా వదిలేసింది. తర్వాత అనేది రాలేదు. ఒకరి పుస్తకం తిరిగి ఇచ్చేలోగా ఇంకొకరి పుస్తకం వచ్చి ఒళ్ళో పడేది. గడువు దగ్గర పడింది. అది చూసి తండ్రి తట్టుకోలేకపోయాడు. పదిహేను రోజులు, మధ్యాహ్నం భోజనం గంటలో, ల్యాబు తలుపు దగ్గరగా వేసుకుని, పన్నెండు బొమ్మలూ ఆయనే వేశాడు. చార్టు క్లాసులో ఉంటుంది. క్లాసులోకి వెళ్ళి కూర్చుని వేసే ధైర్యం ఆయనకు లేదు. అందుకని బీరువా తెరిచి, తనకు తెలిసిన కప్పను ఎదురుగా పెట్టుకుని, ఉన్నదున్నట్టు వేశాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన మొట్టమొదటగా వేసిన కప్ప అది. ఎంత మురిసిపోయాడో! కూతురికి చూపిస్తే, "నాన్నా, కప్ప చాలా బాగుంది, కాలు బెణికిందా?" అని నవ్వి, గబగబా భాగాల పేర్లు రాసుకుని పుస్తకం మేడమ్‌కు ఇచ్చేసింది.

ఇప్పుడు ఆ కప్పను కప్పిపుచ్చడం ఎవరి తరం?

"చూపించారు, సరే. వేసింది తనేనా?" అంది మేడమ్. "గీతలు చూడండి సార్. ఎంత బరువుగా నొక్కి వేశారో! అవతలి పేజీలో కూడా గుంట పడింది. ఈ అమ్మాయిది అంత బరువు చెయ్యిలా లేదు."

లిట్మస్ నోరు తెరిచాడు. "మేడమ్, అసలు…" అన్నాడు. ఆ 'అసలు' తర్వాత రావలసిన మాటలు వరుసలో నిలబడి ఒకదాన్నొకటి తోసుకున్నాయి. నేనే వేశాను అంటే, ఎందుకు వేశావు అంటారు. పిల్లకు తీరిక లేదు అంటే, ఎందుకు లేదు అంటారు. ఎందుకు లేదో చెబితే, ఈ బల్ల మీదున్న పందొమ్మిది పుస్తకాలూ చెత్తబుట్టలోకి, ఆ పిల్లలు పరీక్ష గది బయటికి. వాటి కింద సంతకాలు పెట్టిన ఈ మేడమ్ గతేమిటి? లోపల వరుస అలాగే నిలబడిపోయింది. నోరు మూసుకుంది.

"దీనికింత రాద్ధాంతం ఎందుకు మేడమ్?" హెడ్మాస్టరు చేతులు దులుపుకున్నాడు. "పిల్లని పిలిపిద్దాం. మన కళ్ళెదుట ఆ జాడీలో కప్పని వేయమందాం. చేతిరాత ఎలా మారదో చేతిగీత కూడా అలాగే మారదు. కలిస్తే సంతకం, కలవకపోతే సంగతి వేరే. వెళ్ళవయ్యా, పిల్చుకురా."

అలా లిట్మసే వెళ్ళి, తన చేత్తో తవ్విన గోతిలోకి తన కూతుర్ని తనే పిలుచుకు రావలసి వచ్చింది.

వరండాలో ఇరవై అడుగుల దూరం. తండ్రీ కూతుళ్ళు ఎంత నెమ్మదిగా నడిచినా ఇరవై అడుగులు నలభై కావు.

"అమ్మలూ, నేను చెప్పేస్తానే. నేనే వేశానని చెప్పేస్తా" అన్నాడు గొంతు తగ్గించి. "ఏదైతే అదవుతుంది. ఉద్యోగం పోతే పోనీ."

"నీ ఉద్యోగం పోతే నాకు పరీక్ష పెడతారా?"

ఆయన అడుగు ఇంకాస్త చిన్నది చేశాడు.

"నువ్వు చెప్తే నా రికార్డు పోతుంది. ఎందుకు వేశావంటే వాళ్ళ రికార్డులు పోతాయి. ఇరవై మందిమి బయట కూర్చుంటాం. బాగుంటుందా నాన్నా, గ్రూప్ ఫోటో తీయించుకోవడానికి?"

"పోనీ, నువ్వు నీలాగే వేసెయ్యి. నీ చెయ్యి చూస్తే ఎవరైనా…"

"నాలాగ వేస్తే అక్కడ పందొమ్మిది పుస్తకాలున్నాయి. అన్నీ నాలాగే ఉన్నాయి." పెన్సిల్ ఆగింది. తలుపు ఇంకా నాలుగు అడుగుల దూరంలో ఉంది. "నాన్నా, నువ్వు పెన్సిల్ ఎలా పట్టుకుంటావ్?"

"ఏంటీ?"

"బొమ్మ వేసేటప్పుడు. ఎలా పట్టుకుంటావ్? తొందరగా చూపించు."

ఆయన చొక్కా జేబులోని పెన్ను తీశాడు. వేళ్ళతో కాదు, గుప్పెట్లో పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా గాజు గొట్టాలు తోమే బ్రష్షును ఆయన అలాగే పట్టుకుంటాడు. వేరే పట్టు ఆయనకు రాదు.

పెన్సిల్ ఆ గుప్పెటను ఒక క్షణం చూసింది. "సరే" అంది. ముందు తనే లోపలికి వెళ్ళింది.

మేడమ్ తెల్ల కాగితం ఇచ్చింది. హెడ్మాస్టరు తన బల్లలో సగం ఖాళీ చేసి ఇచ్చాడు. జిగురు కుర్చీలో కూర్చోమన్నాడు. పిల్ల కూర్చుని, పెన్సిల్ చెక్కి, గుప్పెట్లో పట్టుకుంది.

ఆ దృశ్యం తండ్రి చూడలేకపోయాడు. చూడకుండా ఉండలేకపోయాడు కూడా. మూడేళ్ళ వయసులో ఇంటి గోడ మీద ఆ పిల్ల గీసిన మొదటి గీత ఆయనకు తెలుసు. అది కూడా ఇంతకన్నా తిన్నగా ఉండేది. ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ తేలిక చేయాలో తెలిసిన ఆ మణికట్టు ఇవాళ బలవంతంగా బిగుసుకుని, కాగితాన్ని దున్నుతోంది. కప్ప వీపు దగ్గర చేతిలోని పెన్సిల్ తనంతట తనే నున్నగా ఒక ఒంపు తిరగబోయింది. పిల్ల దాన్ని పట్టి ఆపి, వంకర చేసి, మళ్ళీ నొక్కింది. బడిలో పన్నెండేళ్ళు అన్నీ సరిగ్గా చేయడం నేర్చుకుంది. ఇదొక్కటే, తప్పుగా చేయడం, ఇవాళ వరండాలో తలుపుకు నాలుగు అడుగుల దూరంలో నేర్చుకుని వచ్చింది. ఇందులోనూ ఫస్టు క్లాసే.

"సార్…" అన్నాడు లిట్మస్ ఉండబట్టలేక.

"ఉండవయ్యా, మధ్యలో మాట్లాడకు. పిల్ల చెయ్యి వణుకుతుంది."

చెయ్యి వణకలేదు. అదే ఆయనకు మరీ బాధగా ఉంది.

పావుగంటలో కప్ప తయారైంది. మడిచిన కాలు, బొద్దు పొట్ట, ఆశ్చర్యపోయిన కళ్ళు. మేడమ్ ఆ కాగితాన్ని రికార్డులో బొమ్మ పక్కన పెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని, కాగితం తిరగేసి గుంటలు కూడా వేలితో తడిమి చూసింది. ఆ తర్వాత చేసిన పని ఎవరూ ఊహించనిది. కుర్చీలోంచి లేచి నిలబడింది.

"తప్పు నాదేనమ్మా. నిన్ను అనవసరంగా అనుమానించాను. ఏమనుకోకు."

"పర్లేదు మేడమ్" అంది పెన్సిల్.

"నీకు ఒక్క మార్కు కూడా తగ్గించను. చార్టు చూసి వేయడం కన్నా అసలు కప్పని చూసి వేయడమే మేలు. వచ్చినా రాకపోయినా నీ బొమ్మ నువ్వు వేసుకున్నావు. అది చాలు." చీటీ చింపేసి, అక్కడికక్కడే పన్నెండు పేజీలకూ పన్నెండు సంతకాలు పెట్టింది. ఒక్కో సంతకం ఒక్కో ముల్లులా దిగుతోంది లిట్మస్ ఒంట్లో. మంచివాళ్ళను మోసం చేస్తే గుచ్చుకునే ముళ్ళు చెడ్డవాళ్ళ దగ్గర దొరకవు.

అయినా, గట్టెక్కారు! ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. వదలడానికి ఇంకా సమయం ఉందనుకున్నాడు గానీ, హెడ్మాస్టరు సొరుగు లాగి ఒక పొడుగాటి కాగితం తీశాడు.

"అన్నట్టు, ప్లాన్ల కాలేజీ సిఫారసు ఇవాళే పంపాలి. ఈ అమ్మాయి పేరే రాద్దామని అనుకున్నాను, బాగా గీస్తుందని టీచర్లందరూ అంటుంటే. మేడమ్, మీరే ఒక ముక్క చెప్పండి. చేతి గీతలో నేర్పు ఎలా ఉంది అని ఈ కాగితంలో అడిగారు."

పైన ఫ్యాను తన మాట తాను తిప్పుతోంది.

మేడమ్ బల్ల మీది కాగితం చూసింది. ఆ బొద్దు పొట్ట కప్పనే చూసింది. అబద్ధం చెప్పలేని మనిషి, ఏం చేస్తుంది?

"సార్, కష్టపడే పిల్ల. నిజాయితీ గల పిల్ల, ఇప్పుడే చూశాం. కానీ గీత… అక్కడ పెద్ద పెద్ద భవనాలు గీయాలి కదా. ఈ చేత్తో పంపితే మన బడి మాట పోతుంది. పిల్లకూ అక్కడ ఇబ్బందే."

"టీచర్లందరూ అన్నారే?"

"పిల్లంటే ఇష్టంకొద్దీ అని ఉంటారు సార్."

పెన్సిల్ తన రికార్డును గుండెకు అదుముకుని కూర్చుంది. పన్నెండు సంతకాల పుస్తకం. ఎల్లుండి ఏ గుమ్మం దగ్గరా ఎవరూ ఆపరు. లోపలికి వెళ్ళొచ్చు, రాయొచ్చు, పాసవ్వొచ్చు. పాసై ఎక్కడికి వెళ్ళాలన్నదే ఇప్పుడు ఎవరికీ తెలియని విషయం.

"మరి ఇంకెవరున్నారు? పేరు లేకుండా కాగితం పంపితే వచ్చే ఏడు మనకు ఆ ఒక్క సీటూ ఇవ్వరు."

"ఉన్నారు సార్!" మేడమ్ ముఖం విప్పారింది. పందొమ్మిది పుస్తకాల దొంతరలోంచి ఒకటి లాగి తెరిచింది. "అన్నీ ముచ్చటగానే ఉన్నాయి, అందులోనూ ఇది చూడండి. ఈ గీత చూడండి, ఎక్కడా చెరిపిన గుర్తు లేదు. ఈ నీడలు చూడండి. నా సర్వీసులో ఇలాంటి చెయ్యి చూడలేదు. ఈ చేతికి రాసివ్వండి సార్. కళ్ళు మూసుకుని రాసివ్వండి."

హెడ్మాస్టరు అట్ట తిప్పి పేరు చూశాడు. "మన ఫస్టు ర్యాంకు అమ్మాయిదేనా? ఇంకేం! మార్కులున్నాయి, చెయ్యి ఉంది. ఏమయ్యా, వెళ్ళి పిల్చుకురా."

లిట్మస్ కాళ్ళు కదల్లేదు. కూతురి వంక చూశాడు. ఆ బొమ్మ ఏ ఆదివారం వేసిందో, దానికోసం ఏ పెళ్ళికి రానందో ఆయనకు గుర్తుంది. ఆయన ముఖంలో ఇప్పుడు ఎరుపూ లేదు, నీలమూ లేదు. తడిసి పనికిరాకుండా పోయిన కాగితం రంగు అది.

"వెళ్ళు నాన్నా" అంది పెన్సిల్.

ఫస్టు ర్యాంకు పిల్ల వచ్చింది. క్లాసులో అందరికీ ఫస్టు అనే పిలుపు. పెన్సిల్‌తో ఒకే బెంచీలో ఎనిమిదేళ్ళు కూర్చున్న స్నేహితురాలు. "నా ఒక్కదానికి వేసిపెట్టవే, ఎవరికీ చెప్పను" అని మొట్టమొదట అడిగి, మర్నాటికి క్లాసంతటికీ చెప్పింది కూడా ఈ పిల్లే. దారి పొడుగునా లిట్మస్ ఒక్క మాట మాట్లాడలేదు కనుక, పిలిచింది మెచ్చుకోవడానికో, మందలించడానికో ఆ పిల్లకు తెలియదు. గుమ్మంలో అడుగు పెట్టగానే బల్ల మీద తెరిచి ఉన్న తన పుస్తకమూ, కుర్చీలో కూర్చున్న స్నేహితురాలూ ఒకేసారి కనిపించారు. రెండో అడుగు పడలేదు.

"రా అమ్మా రా, భయపడతావెందుకు?" హెడ్మాస్టరు కలం మూత తీసి, సిఫారసు కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "నీకో మంచి అవకాశం వచ్చింది. ప్లాన్లు గీసే కాలేజీకి మన బడి తరఫున ఒక్కరినే పంపుతాం. మేడమ్ నీ పేరు చెప్పారు. రాసే ముందు ఒక్క మాట అడగాలి, పద్ధతి కోసం. ఈ బొమ్మలు నువ్వే వేశావు కదా?"

పదేళ్ళుగా ఏ ప్రశ్నకైనా అందరికన్నా ముందు చెయ్యెత్తే పిల్ల. అవునంటే స్నేహితురాలి బతుకు తన పేరు మీదికి వస్తుంది. కాదంటే ఎల్లుండి తనతో సహా పందొమ్మిది మంది బయట. ఇంట్లో అమ్మానాన్నలు అప్పుడే ఫలానా ర్యాంకు, ఫలానా కాలేజీ అని చుట్టాలందరికీ చెప్పుకుంటున్నారు.

ఫస్టు నెమ్మదిగా పెన్సిల్ వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పెన్సిల్ ఎవరికీ తెలియకుండా, చెప్పొద్దన్నట్టు, తల అడ్డంగా ఊపింది.

"ఏమ్మా? నిన్నే అడుగుతున్నాను."

హెడ్మాస్టరు కలం కాగితానికి ఆనింది. ఫస్టు నోరు తెరిచింది.